మూడో షిఫ్టు

పోయిన చలికాలం మా చిన్నబాపు పోయాడు. ఆయన స్టూడియో గది సర్దుతుంటే పెళ్లి క్యాసెట్ల గుట్ట అడుగున ఒక అట్టపెట్టె దొరికింది. దాని మీద నా చేతిరాత. పద్దెనిమిదేళ్ల వయసులో ఎంత గుండ్రంగా రాసేదాన్నో చూసి నాకే ముచ్చటేసింది. ‘మూడో షిఫ్టు’ అని రాసి, కింద గీత గీసి, గీతకు అటొకటి ఇటొకటి పువ్వులు కూడా వేశాను. చచ్చినవాళ్లు లేచి వచ్చే సినిమాకు పువ్వులెందుకు వేశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా తోచలేదు. లోపలి టేపంతా తెల్లగా బూజు పట్టింది. ఇలాంటివి బాగుచేసే మనిషి హైదరాబాదులో ఉన్నాడంటే పంపించాను. రెండు వారాలు ఉంచుకుని, ఏమీ మిగల్లేదమ్మా అని ఫోన్ చేశాడు. అంటే ఆ సినిమా ఇప్పుడు చూసినవాళ్ల తలల్లోనే ఉంది, ఆ తలలు కూడా ఎన్నో మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

మాది ఆదిలాబాదు, మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు నాకు లీలగా గుర్తు. పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో బస్తాలు మోసేవాడు, రెండు చలికాలాలు దగ్గి, మూడో చలికాలం రాకముందే పోయాడు. ఆ నెలలోనే మా అవ్వ రూతమ్మ అదే మిల్లులో పనికి కుదిరింది. పత్తి తీత మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లు నడిచేది. ఆ నెలలన్నీ మా ఇంటికి ఒకటే వాసన, పత్తిగింజల నూనె వాసన, కాస్త వెచ్చగా, కాస్త కమ్మగా. అవ్వ పని నుంచి రాగానే లోపలికి వచ్చేది కాదు. గడప మీద కూర్చుని, కొప్పు విప్పి, పేల దువ్వెనతో తలలోని దూది నూగంతా దువ్వుకునేది. కనుబొమ్మల మీద, చెవుల వెనక, ముక్కుపుడక చుట్టూ కూడా నూగే. దాన్ని పారేయకుండా పాత రవిక గుడ్డలో కుక్కి పెట్టేది. నాలుగైదేళ్లకు అదొక దిండయింది. నేను డిగ్రీ చదువుకున్నన్నాళ్లూ ఆ దిండు మీదే పడుకున్నాను. నూగు దువ్వుకున్నాక రొట్టెలు చేసేది. రెండు చేతుల మధ్య జొన్న రొట్టె తట్టే చప్పుడు మా వీధిలో అందరికంటే అవ్వదే గట్టిగా వినిపించేదని నా నమ్మకం, పక్కింటివాళ్లు ఒప్పుకోకపోయినా.

అవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఏదీ కావాలని అడిగే మనిషీ కాదు. తనకోసం ఆమె ఉంచుకున్నది ఒకటే. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం ఇస్తారు. ఆ పొద్దున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. పెట్టెలోంచి తెల్ల చీర తీసి కట్టుకుని, నాకంటే ముందు నడిచి వెళ్లేది. బల్ల దగ్గర మోకరించి రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని లేచేటప్పుడు ఆమె ముఖం చూస్తే, మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఈ ఒక్క రోజు కోసమే గడిపిందని తెలిసిపోయేది. బాపు ఒకనాడు మళ్లీ లేస్తాడని ఆమెకు నమ్మకం. రేపు వాన పడుతుందేమో అన్నట్టు అనుమానంగా కాదు, రేపు సోమవారం అన్నంత మామూలుగా నమ్మేది.

చిన్నబాపు బాపు తమ్ముడు, పేరు దానియేలు, ఊరందరికీ దానేలు. పదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడే తల్లి పోతే అవ్వ పెంచింది. ఫోటోలు తీయడం నేర్చుకుని, పెళ్లిళ్లలోకి వీడియో కెమెరాలు వచ్చిన కొత్తలోనే అప్పో సప్పో చేసి ఒకటి కొన్నాడు. తిండి మా ఇంట్లో, పడక స్టూడియోలో. ఒకసారి పెళ్లి వీడియో తీయడానికి చంద్రాపూరు పోయి, అక్కడ వీడియో పార్లరులో ఒక ఇంగ్లీషు సినిమా చూసి వచ్చాడు. చచ్చినవాళ్లు గుంపుగా లేచి వచ్చి బతికినవాళ్లను కొరికి తింటారట. జాంబీ అనే మాట అప్పుడు మాకెవరికీ తెలియదు. రెండు రోజులు మనిషికి అన్నం సహించలేదు. మూడో రోజు కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. మనోళ్లు లేస్తే మనుషులను ఎందుకు తింటరు బిడ్డా, చాయ్ అడుగుతరు, అన్నాడు. ఆ సాయంత్రమే పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే, రాత బాగుంటుంది, కాబట్టి రచయిత్రిని నేనే. నా జీవితంలో మొదటి రచన అది.

కథ చాలా చిన్నది. మిల్లుకు రెండు షిఫ్టులు. పత్తి విపరీతంగా వచ్చిన ఒక ఏడు, ఆ మిల్లులో పనిచేసి చచ్చిపోయినవాళ్లంతా లేచి మూడో షిఫ్టుకు వస్తారు. కొత్తవాళ్లు పని పాడు చేస్తున్నారని వాళ్ల బాధ. బతికినవాళ్లు మొదట జడుసుకుని, తర్వాత అలవాటుపడి, వాళ్లతో పత్తి కాక ఇంటి కట్టెలు కూడా కొట్టించుకుంటారు. చివరికి చాయ్ ఇవ్వలేదని అలిగి చచ్చినవాళ్లు వెళ్లిపోతారు. ఎడిటింగు అనేది మాకు లేదు, తీసిన వరసే సినిమా. తప్పు జరిగితే తప్పు అలాగే ఉండిపోతుంది. బ్యాండుమేళం క్లారినెట్ ఆయన మిల్లు యజమాని సేఠు వేషం, మంగలి మల్లయ్య కూలీల మేస్త్రి ముకద్దం. పాడె మీద నుంచి లేచే మొదటి శవంగా దర్జీని పడుకోబెట్టాం. దర్జీ భార్యకు ఎవరు చెప్పారో గానీ, వచ్చి కట్టుకున్నోడిని పాడె మీద చూసి, కెమెరా నడుస్తుండగానే చెవి పట్టుకుని లేపి ఇంటికి తీసుకుపోయింది. తీసిన వరసే సినిమా గనక అది కూడా సినిమాలో ఉంది. చూసినప్పుడల్లా జనం కడుపు పట్టుకుని నవ్విన సన్నివేశం అదే.

మేకప్పే కుదరలేదు. ముఖానికి పౌడరు పూసి, నీలిమందు కళ్ల కింద రాస్తే శవాలు హోలీ ఆడి వచ్చినట్టు ఉన్నాయి. చిన్నబాపు దిగాలుగా తిరుగుతూ ఒకనాడు అవ్వకు మధ్యాహ్నం ఇవ్వాల్సిన సద్ది సాయంత్రానికి పట్టుకుని మిల్లుకు పోయాడు. షిఫ్టు వదిలారు. తలనుంచి పాదం దాకా దూది నూగుతో తెల్లబడిన ముప్పైమంది ఆడవాళ్లు, కనురెప్పల మీద కూడా నూగుతో, ఎనిమిది గంటలు నిలబడ్డ కాళ్లను ఈడ్చుకుంటూ బయటికి వస్తున్నారు. చేతిలో సద్దిగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయానని ఆయన చెప్పాడు. ఏళ్ల తరబడి చూస్తున్నదే, ఆ రోజే కనబడింది. సినిమా అక్కడ తయారుగా ఉందని, మనం కెమెరా పట్టుకుని పోవడమే తక్కువని ఇంటికొచ్చి గంతులేశాడు.

నాకు గంతులు రాలేదు. ఆ గేటు సంగతి నాకు తెలుసు. ఆడవాళ్లు దూది దాచుకుపోతారని మిల్లువాళ్ల అనుమానం. అందుకని బయటికి వచ్చే ప్రతి మనిషీ వరసలో నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి, కొంగు విప్పి దులిపి చూపించాలి. గంగూబాయి అనే మరాఠీ ఆవిడ నడుం చుట్టూ, రొమ్ముల కింద, చేయి పోనిచ్చి తడిమి, చల్ పుఢే అనేది, ముందుకు నడువుమని. ఆమెదీ కూలి బతుకే, చెడ్డ మనిషి కాదు. కాలేజీలో నా స్నేహితురాళ్లకు అవ్వ మిల్లులో పనిచేస్తుందని చెప్పాను గానీ గేటు సంగతి ఎన్నడూ చెప్పలేదు. నోటుబుక్కులో ఆ సన్నివేశం రాసేటప్పుడు ‘చచ్చినవాళ్లు గేటు దాటి వస్తారు’ అని ఒక్క వాక్యం రాశాను. గేటు దగ్గర గంగూబాయిని రాయలేదు. సిగ్గుపడి రాయలేదు.

సేఠుగారి కొడుక్కు సినిమాలంటే పిచ్చి గనక అనుమతి తేలిగ్గానే దొరికింది. చిక్కు ఆడవాళ్ల దగ్గర వచ్చింది. పసుపు కుంకుమలతో ఉండి శవం వేషం వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందరూ కలిసి ఒక మాట అన్నారు. రూతమ్మ ముందు నడిస్తే ఆమె వెనక మేమూ నడుస్తం, ఆమె దేవుడికి సచ్చి లేచుడు కొత్త గాదు గదా, అని. అవ్వ లేకపోతే ఎవరూ లేరు, ఎవరూ లేకపోతే సినిమా లేదు. ఈ సంగతి చర్చి అయ్యగారి చెవిన పడింది. ఆయన మా ఇంటికి వచ్చారు. ముసలాయన, దగ్గర కూర్చుంటే నీలగిరి తైలం వాసన వచ్చేది. ఏదైనా కఠినమైన మాట చెప్పేముందు కోటు జేబులోంచి గొలుసు గడియారం తీసి కీ తిప్పే అలవాటు. ఆ రోజు చాలాసేపు తిప్పారు.

“రూతమ్మా, సచ్చినోళ్లు లేచుడు మనకు నవ్వులాట గాదు,” అన్నారు. “నీ పెనిమిటిని మట్టిల పెట్టిన్నాడు నీకేం చెప్పిన్నో యాదున్నదా? గా మాట మీదనే గద బతుకుతున్నవ్. దాన్నే నవ్వులపాలు చేస్తే, వచ్చే నెల నువ్వు బల్ల కాడికి రావద్దు.”

అవ్వ తలవంచుకుని విన్నది. చాయ్ ఇచ్చింది, ఆయన తాగి వెళ్లారు. ఆ వారమంతా మా ఇంట్లో ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చిన్నబాపు మళ్లీ అడగలేదు. వదినె దగ్గర ఉన్నది ఆ ఒక్క ఆదివారమని ఆయనకు తెలుసు. అడిగింది నేను. ఇది రాయకుండా వదిలేయవచ్చు, కానీ అప్పుడే ఒక సంగతి రాయకుండా వదిలినదాన్ని. ఒక్క నెలే గదవ్వా, అయ్యగారు మళ్ల మరిచిపోతరు, అన్నాను. నా రాత తెర మీద చూసుకోవాలన్న ఆశ అది. అవ్వ నా వైపు చూసిన చూపులో కోపం లేదు, అదే ఇప్పటికీ బాధ. మరునాడు పొద్దున రొట్టె తడుతూ, తల ఎత్తకుండానే మరిదితో అన్నది.

“నేనొస్త దానేలు. గిదొక్కటి తప్ప నువ్వెన్నడు నన్నేది అడగలే. గని లేచినోళ్లు మెడలొంకర పెట్టి ఎందుకు నడుస్తరో నాకు తెల్వది. నాకొచ్చినట్టు నడుస్త.”

సాయంత్రం నాలుగు గంటల వేళ, ఎండ పచ్చగా పడుతున్నప్పుడు షిఫ్టు వదిలారు. గేటుకు ఎదురుగా ఖాళీ పత్తి బండి నిలబెట్టి చిన్నబాపు కెమెరాతో దాని మీదికెక్కాడు. బ్యాటరీ అరగంట వస్తే ఎక్కువ. మరునాటి నుంచి పెళ్లిళ్ల వరస, మళ్లీ నెల దాకా కెమెరాకు తీరిక లేదు. చేతులు ముందుకు చాచి, బిగుసుకుపోయినట్టు నడవాలని అంతకుముందు నాలుగుసార్లు చేసి చూపించాడు. ఎవరికీ రాలేదు. చేతులు చాపితే నవ్వొచ్చేది, నవ్వు ఆపుకుంటే చేతులు పడిపోయేవి. చివరికి విసుగెత్తి, మీకెట్లొస్తే అట్ల నడువుండ్రి అన్నాడు. గంగూబాయిని కెమెరాకు కనబడకుండా పక్కకు జరిగి నిలబడమన్నాం, ఆమె మూతి ముడుచుకుని జరిగింది. నేను బండి చక్రం పక్కన నోటుబుక్కుతో నిలబడ్డాను.

వాళ్లు మిల్లు చీకట్లోంచి వెలుతురులోకి వచ్చారు. ముందు అవ్వ. ఆమెను నేను రోజూ గడప మీద కూర్చున్నప్పుడే చూసేదాన్ని. ఇలా నిలువునా తెల్లగా, పచ్చటి ఎండలో అంచులు మెరుస్తూ నడిచి వస్తుంటే ఒక్క క్షణం మా అవ్వ అని పోల్చుకోలేకపోయాను. వెనక ముప్పైమంది. గేటు దాకా వచ్చారు. గేటు దగ్గర అవ్వ ఆగింది. అలవాటు మరి, కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఆమె ఆగగానే వెనకవాళ్లంతా ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు. నిలబడి ముప్పైమందీ రెండు చేతులూ ముందుకు చాపారు. చిన్నబాపు నాలుగుసార్లు చేసి చూపించినా రానిది అచ్చంగా వచ్చేసింది. చేతులు చాపిన తెల్లటి శవాల వరస. బండి మీద ఆయన సంతోషంతో గట్టిగా ఊపిరి పీల్చడం నాకు వినబడింది. అంతలో గంగూబాయి, తనను పక్కన నిలబడమన్న సంగతి మరిచిపోయి, ఆమె చేతులకూ అదే అలవాటు గనక, సరాసరి కెమెరా ముందుకు వచ్చి అవ్వ నడుం మీద చేయి వేయబోయింది. చూడడానికి వచ్చిన సేఠుగారి కొడుకు గట్టిగా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. నేను రాయకుండా దాచినదంతా వచ్చి నా ముందు నిలబడింది.

అప్పుడు అవ్వ చాపిన చేతులు దించేసింది. గబుక్కున కాదు, తలమీది బరువు కిందికి దించుకునేటంత నెమ్మదిగా. గంగూబాయి ముఖంలోకి చూసింది.

“గంగూబాయీ,” అన్నది, “సచ్చి లేచినోళ్లను గూడ తడుముతవా?”

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. గంగూబాయికి ఇది సినిమానో నిజమో తెలియలేదు. గాలిలో ఉన్న చేయిని చూసుకుంది. తర్వాత ఆ చేయి నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. అవ్వ కొంగు సర్దుకుని గేటు దాటింది. వెనక ఒకరి తర్వాత ఒకరు చేతులు దించుకున్నారు. శవాల్లా నడవాలన్న సంగతి అందరూ మరిచిపోయారు. ఇంట్లో పని ఉన్న మనుషులు నడిచినట్టు, చేతులు ఊపుకుంటూ, తలలు ఎత్తుకుని నడిచి పోయారు. చర్చిలో చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఒకటి మనుషుల రూపంలో నా ముందు నుంచి నడిచి పోతోందని నాకు తెలిసింది. చిన్నబాపు ఆపు అనలేదు. బ్యాటరీ అయిపోయి కెమెరా తనంతట తానే ఆగేదాకా తీస్తూనే ఉన్నాడు.

మరునాడు అవ్వ మళ్లీ చేతులు చాపింది. అందరూ చాపారు. గంగూబాయి తడిమింది. అది రాయకపోతే ఇది కథ అవుతుంది, జ్ఞాపకం కాదు. పని కావాలి, నా ఫీజు కట్టాలి. ఏమీ మారలేదు. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని నూగు దువ్వుకుంది.

నెల మొదటి ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం అయ్యగారి నుంచి కబురొచ్చింది. సినిమా చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదని ఆయనకు తోచిందట. టీవీ, క్యాసెట్ వేసే పెట్టె రిక్షాలో వేసుకుని ఆయన ఇంటికి పోయాం. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అవ్వ లోపలికి రానని తలుపు పక్కన నిలబడింది. శవాలు కట్టెలు కొట్టే చోట ఆయన కదల్లేదు. దర్జీ భార్య వచ్చినప్పుడు మాత్రం దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత గేటు వచ్చింది. అది అయిపోయాక మళ్లొకసారి వెయ్యమన్నారు. వేశాం. ఇంకొకసారి అన్నారు. మూడోసారి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు, అద్దాలు లేకుండా ఆయనకు తెర కనబడదని మాకందరికీ తెలుసు.

అట్ల అడుగుమని నీకెవరు చెప్పిన్రు, అని తలుపు వైపు తిరిగి అడిగారు.

“ఎవ్వలు చెప్పలే అయ్యగారు,” అన్నది అవ్వ. “లేచినంక ఏడుపుండదని మీరే చెప్పిన్రు. ఆకలుండదని చెప్పిన్రు. గీ తడుముడు సంగతి మీరు చెప్పలే. ఉండదనే అనుకున్న.”

ఆయన మమ్మల్ని వెళ్లమన్నట్టు చేయి ఊపారు. రేపటి సంగతి ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆదివారం పొద్దున అవ్వ మంచినీళ్లు ముట్టలేదు. తెల్ల చీర కట్టింది. అందరూ బల్ల దగ్గరికి లేస్తుంటే తాను లేవలేదు, వద్దన్న మాట వద్దన్నట్టే ఉంది గదా. వెనక బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందరికీ ఇచ్చాక అయ్యగారు రొట్టె పళ్లెం చేత్తో పట్టుకుని బల్ల దాటి, నడి దారిలో నడుచుకుంటూ వెనక బెంచీ దాకా వచ్చారు. అంత దూరం ఆయన ఎవరికోసమూ రావడం అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేను చూడలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి. వచ్చి అవ్వ ముందు వంగారు. ముక్క ఆమె చేతిలో పెట్టారు.

ఆ తర్వాత నేను చాలా రాశాను. కొన్నింటికి మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. రాసినవాటిలో ఏదైనా దాస్తున్నానా అని ఇప్పటికీ చూసుకుంటాను, ఎందుకంటే నేను దాచిన చోటే ఆ మనుషులు నాకంటే పెద్దగా రాసి చూపించారు. ఇవాళ సినిమా తీయడానికి జేబులో ఫోను చాలు. ఎన్నిసార్లు తప్పినా మళ్లీ తీయవచ్చు, మా దర్జీ భార్య ఈ రోజుల్లో అయితే సినిమాలో ఉండేది కాదు. మిల్లు పోయి దాని చోట ఫంక్షన్ హాలు వచ్చింది. పెద్ద బజార్లలోకి పోవాలన్నా, విమానం ఎక్కాలన్నా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ చేతులు చాపి నిలబడుతున్నారు, నేనూ నిలబడతాను. అది ఎవరికీ తప్పుగా తోచడం లేదు, నాకు మాత్రం ఆ క్షణంలో ముప్పైమంది తెల్లగా కనబడతారు.

అవ్వను బాపు పక్కనే మట్టి చేశాం. అప్పటికి అయ్యగారు లేరు, చచ్చినవాళ్లు ఒకనాడు లేస్తారన్న ఆ మాటలే కొత్తాయన చదివాడు. ఆయన చదువుతుంటే అందరూ తలలు వంచుకున్నారు, నేను వంచలేకపోయాను. అవ్వకున్నంత నమ్మకం నాకు లేదు, ఉందని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు అనేది నిజంగా ఒకటి ఉంటే, మా అవ్వ ఎలా లేచి వస్తుందో ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. నేను చూశాను.